కొత్త తీగలు, పాత దారి

(విశాఖపట్నంలో ఇంజనీరింగ్ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. వక్త టెలికాం నెట్‌వర్కుల్లో పనిచేసి రిటైరైన ఇంజనీరు.)

అందరికీ నమస్కారం. నాకు ఇచ్చిన అంశం "అంతర్జాతీయ ఇంటర్నెట్ అనుసంధానం: నూతన ధోరణులు". పేరే కాస్త బరువుగా ఉంది. అందుకని నన్ను ఒకప్పుడు బాగా ఏడిపించిన ఒక రోజుతో మొదలుపెడతాను.

2008 జనవరి 30, బుధవారం. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో నెట్‌వర్క్ పని చూసేవాణ్ణి. యూరప్, అమెరికా క్లయింట్లకు సపోర్ట్ ఇచ్చే ఆఫీసు. లైను పోతే వందల మంది ఊరికే కూర్చోవలసిందే. అందుకే ముందుజాగ్రత్తగా రెండు వేర్వేరు కంపెనీల దగ్గర రెండు లింకులు తీసుకున్నాం. ఒకటి పోయినా రెండోది ఉంటుందని మా ధైర్యం. ఆ రోజు రెండూ పోయాయి. మా మేనేజరు అడిగిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "ఇద్దరికీ డబ్బు కడుతున్నాం కదయ్యా, రెండూ ఒకేసారి ఎలా పోతాయి?"

సాయంత్రానికి సంగతి తెలిసింది. ఈజిప్టులో అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అనే రెండు కేబుళ్లు ఒకే రోజు తెగాయి. మాకు ఒక కంపెనీ అమ్మిన లింకు ఇందులో ఉంది, రెండో కంపెనీది అందులో ఉంది. కంపెనీలు రెండు, బిల్లులు రెండు, తీగలు కూడా రెండే. దారి మాత్రం ఒకటి. రెండు పర్సులు కొన్నాం గానీ, రెంటినీ పెట్టుకున్నది ఒకే జేబులో. మన దేశపు విదేశీ బ్యాండ్‌విడ్త్‌లో సగం దాకా ఆ రోజు ఆగిపోయింది. రెండు రోజుల తర్వాత దుబాయ్ వైపు ఫాల్కన్ అనే ఇంకో కేబుల్ తెగింది. అక్కడ సముద్రం అడుగున ఎవరో వదిలేసిన పెద్ద లంగరు దొరికింది. పడమటి దారి మూసుకుపోతే ఏం చేస్తాం? డేటాను తూర్పుకు మళ్లించి, సింగపూర్ మీదుగా, పసిఫిక్ దాటించి, చుట్టూ తిప్పి పంపారు. నడిచింది, కానీ నత్తనడక.

ఆ రోజు నుంచి నాకు ఒక అలవాటైంది. ఫలానా కేబుల్ సెకనుకు ఇన్ని టెరాబిట్లు (లక్షల కోట్ల బిట్లు) మోస్తుందని ఎవరైనా గొప్పగా చెప్తే, "సరే, దారి ఎటు?" అని అడుగుతాను. ఈ పూట మీతో మాట్లాడేది కూడా ముఖ్యంగా దాని గురించే.

ఆ ఈజిప్టు దారి ఎంత పాతదో చెప్తాను. 1870లో బొంబాయి నుంచి ఇంగ్లండుకు సముద్రపు టెలిగ్రాఫ్ తీగ పూర్తయింది. బొంబాయి నుంచి ఏడెన్ దాకా గ్రేట్ ఈస్టర్న్ అనే ఓడ ఆ తీగ పరిచింది. ఆ కాలానికి అంత పెద్ద ఓడ ఇంకొకటి లేదు. ఏడెన్ నుంచి ఎర్ర సముద్రం గుండా సూయెజ్, ఈజిప్టు నేల మీదుగా అలెగ్జాండ్రియా, అక్కడి నుంచి మాల్టా, జిబ్రాల్టర్, పోర్చుగల్, చివరికి కార్న్‌వాల్ తీరంలో పోర్త్‌కర్నో అనే చిన్న పల్లె. దాని వెంటనే మద్రాసు నుంచి పెనాంగ్‌కు, అక్కడి నుంచి సింగపూర్‌కు మరో తీగ. ఇప్పుడు మీ ఫోన్లో ఏదైనా కేబుల్ మ్యాపు తెరిచి చూడండి. ముంబై నుంచి ఎర్ర సముద్రం, ఈజిప్టు, మధ్యధరా. చెన్నై నుంచి మలక్కా వైపు, సింగపూర్. 2002లో చెన్నై నుంచి సింగపూర్‌కు వేసిన ఐ-టు-ఐ కేబుల్ పొడవు 3,200 కిలోమీటర్లు. దాని దారి దాదాపు ఆ మద్రాసు టెలిగ్రాఫ్ దారే. రాగి పోయి గాజు వచ్చింది, చుక్కలూ గీతలూ పోయి వీడియోలు వచ్చాయి, బాట మాత్రం విక్టోరియా రాణి నాటిదే.

రాణి పేరు వచ్చింది కాబట్టి ఒక చిన్న పిట్టకథ. 1858లో అట్లాంటిక్ మీద మొట్టమొదటి తీగ వేసినప్పుడు ఆమె అమెరికా అధ్యక్షుడికి 98 మాటల సందేశం పంపింది. అది చేరడానికి 16 గంటలు పట్టింది. సిగ్నల్ మరీ బలహీనంగా ఉందని, ఆ తీగ కంపెనీలో ఎలక్ట్రీషియన్ అయిన వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అనే ఆయన దానికి రెండు వేల వోల్టుల దాకా ఎక్కించాడు. తీగ చచ్చి ఊరుకుంది. మూడు వారాల ముచ్చట. మీ ల్యాబులో ఏదైనా పనిచెయ్యకపోతే వోల్టేజి పెంచేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకు ఈ కథ చెప్పండి.

ఇప్పటి తీగ ఎలా ఉంటుందో చూద్దాం. చాలామంది ఏనుగు తొండమంత లావు ఊహించుకుంటారు. లోతు సముద్రంలో వేసే కేబుల్ మన పెరట్లో మొక్కలకు నీళ్లు పెట్టే గొట్టమంత. మధ్యలో వెంట్రుకంత సన్నని గాజు పోగులు, వాటి చుట్టూ ఉక్కు తీగలు, రాగి తొడుగు, పైన ప్లాస్టిక్. ఒడ్డుకు దగ్గరయ్యేకొద్దీ ఉక్కు కవచాలు పెరిగి చెయ్యి మణికట్టంత అవుతుంది. ఎందుకంటే ప్రమాదమంతా ఒడ్డు దగ్గరే. 60 నుంచి 100 కిలోమీటర్లకొకటి చొప్పున రిపీటర్లు ఉంటాయి. నీరసించిన వెలుగుకు మళ్లీ ఊపిరి పోసే పెట్టెలు అవి. వాటికి కరెంటు ఎక్కడిది? సముద్రం అడుగున స్తంభాలు వెయ్యలేం. రెండు చివర్ల ఒడ్డు మీద నుంచే, రాగి తొడుగు గుండా, పది వేల వోల్టులు దాటిన డీసీ పంపుతారు.

కొత్త కేబుళ్ల డిజైను అంతా ఈ కరెంటు చుట్టూనే తిరుగుతోంది, అందుకే ఇంత వివరంగా చెప్తున్నాను. 1988లో అట్లాంటిక్ మీద మొదటి ఫైబర్ కేబుల్ టాట్-8 వచ్చినప్పుడు ఒక్కో ఫైబర్ జత (పోవడానికి ఒక పోగు, రావడానికి ఒక పోగు) మోసింది సెకనుకు 280 మెగాబిట్లు. ఇవాళ మన ఇళ్లలో 300 ఎంబీపీఎస్ ప్లాన్లు ఉన్నాయి! తర్వాత ఒకే పోగులో రకరకాల రంగుల వెలుగు పంపడం నేర్చుకున్నాం. సామర్థ్యం వేల రెట్లు పెరిగింది. కానీ ఒక్క జతలో ఎంత దూర్చగలమో దానికి క్లాడ్ షానన్ అనే గణిత శాస్త్రవేత్త చెప్పిన హద్దు ఉంది. ఆ హద్దు దగ్గరికి వచ్చేశాం. ఇంక పవర్ పెంచినా లాభం పెద్దగా లేదు, పైగా చివర్ల నుంచి వచ్చే కరెంటు కూడా అంతే. అందుకని ఆలోచన తిరగబడింది. ఒక్కో జతకు పవర్ తగ్గించు, జతల సంఖ్య పెంచు. ఒకే సందులోకి లారీల మీద లారీలు తోసే బదులు, ఇంకో పది సందులు తెరువు. 2020 దశకం మొదట్లో గూగుల్ వేసిన డ్యూనాంట్ కేబుల్‌లో 12 జతలు, 250 టెరాబిట్లు. మెటా 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన వాటర్‌వర్త్‌లో 24 జతలు.

ఈ పేర్లు విన్నారు కదా, ఒక్కటి కూడా టెలిఫోన్ కంపెనీ కాదు. నా ఉద్యోగ జీవితంలో చూసిన పెద్ద మార్పు ఇదే. ఒకప్పుడు కేబుల్ అంటే పదిహేను దేశాల టెలిఫోన్ శాఖలు చందాలు వేసుకుని కట్టుకునేది. మన తరఫున విదేశీ లైన్లు చూసే వీఎస్ఎన్ఎల్ ఉండేది. డాట్‌కామ్ ఉప్పెనలో విదేశీ కంపెనీలు అడ్డూ అదుపూ లేకుండా కేబుళ్లు వేసి నష్టాల్లో మునిగితే, మనవాళ్లు వెళ్లి కారుచౌకగా కొన్నారు. రెండు వందల కోట్ల డాలర్లకు పైగా పోసి కట్టిన టైకో నెట్‌వర్కును వీఎస్ఎన్ఎల్ 2005లో 13 కోట్ల డాలర్లకు తెచ్చుకుంది. కరువులో కొన్న పొలం లాంటి బేరం. ఇప్పుడు కథ మారింది. అంతర్జాతీయ కేబుళ్లలో వాడకంలో ఉన్న సామర్థ్యంలో గూగుల్, మెటా, మైక్రోసాఫ్ట్, అమెజాన్ లాంటి వాళ్ల వాటా 2012కు ముందు పదో వంతు కూడా లేదు. ఇప్పుడు మూడింట రెండు వంతులు దాటింది.

ఇది మంచిదా, చెడ్డదా? నన్నడిగితే రెండూ. టెలికాం కంపెనీలు ఎప్పటికీ పెట్టని డబ్బు వీళ్లు పెడుతున్నారు, కొత్త దారులు వెతుకుతున్నారు. కానీ కేబుల్ ఎక్కడ ఒడ్డు ఎక్కాలో తేల్చేది వాళ్ల డేటా సెంటర్ ఎక్కడుందన్న లెక్కే, మీ ఊరి జనాభా కాదు.

మళ్లీ దారి దగ్గరికి వద్దాం. ఎర్ర సముద్రానికి దక్షిణపు గుమ్మం బాబ్ ఎల్ మందెబ్. అరబ్బీలో కన్నీటి ద్వారం అని అర్థం. వెడల్పు సుమారు 30 కిలోమీటర్లు. ఆసియాకు, యూరప్‌కు మధ్య సముద్రపు కేబుళ్ల సామర్థ్యంలో 90 శాతానికి పైగా ఇందులో నుంచే పోతుంది. 2024 ఫిబ్రవరిలో రూబీమార్ అనే సరుకు ఓడను యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు క్షిపణితో కొట్టారు. సిబ్బంది లంగరు దించి ఓడ వదిలేసి పోయారు. ఓడ మాత్రం వెంటనే మునగకుండా, లంగరును ఈడ్చుకుంటూ రోజుల తరబడి కొట్టుకుపోయింది. ఆ రోజుల్లోనే మూడు కేబుళ్లు తెగాయి. ఆ లంగరే కారణమని అమెరికా అధికారుల అంచనా. తెగడం ఒక క్షణం పని. కానీ యుద్ధం జరిగే చోటికి రిపేరు ఓడ ఎలా వెళ్తుంది? బీమా ఎవరిస్తారు? రెండు ప్రభుత్వాలున్న యెమెన్‌లో ఎవరి అనుమతి తీసుకోవాలి? నెలలు పట్టింది. 2025 సెప్టెంబర్‌లో జెడ్డా దగ్గర మళ్లీ తెగాయి. అందులో మన పాత మిత్రుడు సీ-మీ-వీ 4 కూడా ఉంది. తమ క్లౌడ్ నెమ్మదించిందని మైక్రోసాఫ్టే చెప్పుకోవలసి వచ్చింది. నాకైతే 2008 మళ్లీ చూసినట్టు అనిపించింది.

ఈ దారి నుంచి తప్పించుకునే ప్రయత్నాలు మొదలయ్యాయి. గూగుల్ వాళ్ల బ్లూ-రామన్ అని ఒకటుంది. రామన్ అంటే మన సి.వి. రామన్ గారి పేరే. ఇటలీ నుంచి ఇజ్రాయెల్, జోర్డాన్ మీదుగా ముంబైకి. ఈజిప్టును తప్పించుకుంది, బాగుంది. కానీ జోర్డాన్ రేవు నుంచి కిందికి రావాలంటే మళ్లీ ఎర్ర సముద్రమే, మళ్లీ కన్నీటి ద్వారమే. సగం పరిష్కారం. 45,000 కిలోమీటర్ల టూ-ఆఫ్రికా కేబుల్‌ను ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగేలా తలపెట్టారు, దాని ఒక కొమ్మ ముంబైకి వస్తుంది. వాటర్‌వర్త్ ఇంకా నయం. అమెరికా, బ్రెజిల్, దక్షిణాఫ్రికా, భారత్, అటు నుంచి తూర్పుకు. 50,000 కిలోమీటర్లు దాటిన పొడవు. ఎర్ర సముద్రం జోలికి పోదు. చాలా చోట్ల ఏడు వేల మీటర్ల లోతుదాకా వేస్తామన్నారు. అంత లోతులో ఏ లంగరూ అందదు.

బయటి గుమ్మాల సంగతి అది. మన ఇంటి గుమ్మాలు చూడండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశానికి 17 అంతర్జాతీయ కేబుళ్లు, 14 ల్యాండింగ్ స్టేషన్లు (కేబుల్ ఒడ్డు ఎక్కే కేంద్రాలు). అవి ఉన్నవి ఐదు ఊళ్లలో: ముంబై, చెన్నై, కొచ్చి, తూత్తుకుడి, తిరువనంతపురం. ఇందులో బరువంతా మొదటి రెంటిదే. ముంబైలో కూడా ఎక్కువ భాగం వెర్సోవా దగ్గర కొద్ది కిలోమీటర్ల తీరంలోనే ఒడ్డు ఎక్కుతాయి. చిన్న సింగపూర్‌కు మన మొత్తం దేశం కంటే ఎక్కువ కేబుళ్లున్నాయి. హైదరాబాద్‌కు సముద్రం లేదు, అక్కడి ట్రాఫిక్ అంతా నేల మీద ఫైబర్‌లో ముంబైకో చెన్నైకో పోయి అప్పుడు నీళ్లలో దిగుతుంది. చెన్నైకి ఉత్తరాన, ఆ లెక్క నాటికి, మన తీరంలో ఒక్క అంతర్జాతీయ కేబుల్ కూడా లేదు. వెయ్యి కిలోమీటర్ల పొడవున్న తీరం, మన రాష్ట్రానిది. అలా వదిలేశారు.

అందుకే విశాఖ వార్తలు నాకు ఆసక్తిగా ఉన్నాయి. 2025 అక్టోబర్ 14న గూగుల్ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్ ప్రకటించింది. పేపర్లన్నీ డేటా సెంటర్ గురించే రాశాయి. నా కంటికి ఆనింది అందులోని చిన్న వాక్యం: విశాఖలో కొత్త అంతర్జాతీయ కేబుల్ గేట్‌వే కడతారని, ఒకటి కాదు, అనేక కేబుళ్లు ఇక్కడ ఒడ్డుకు చేరతాయని. ముంబై, చెన్నైలకు తోడు మూడో గుమ్మం. ఇంకో లాభం కూడా ఉంది. ముంబై ఎదుట లోతు తక్కువ సముద్రం వందల కిలోమీటర్లు సాగుతుంది. మన తూర్పు తీరంలో లోతు తక్కువ ఉన్న ఆ పట్టీ సన్నం, త్వరగా లోతు వచ్చేస్తుంది. లోతు తక్కువ ఉన్నంతమేరే కదా లంగర్ల భయం, వలల భయం.

అయితే ఒక మాట. బీచ్ రోడ్డులో కేబుల్ ఒడ్డు ఎక్కినంత మాత్రాన మధురవాడలో మీ హాస్టల్ వైఫై వేగం పెరగదు. సాగునీటి కాలువ ఊరి పక్కనుంచి పోయినా తూము లేకపోతే పొలం తడవదు కదా. ఇక్కడి నుంచి హైదరాబాద్, రాయ్‌పూర్, భువనేశ్వర్ వైపు నేల ఫైబర్ ఒకటికి రెండు దారుల్లో ఉండాలి. లేకపోతే సముద్రంలో మూడు దారులు పెట్టుకుని, హైవే పక్కన జేసీబీ ఒక్క గోతితో అన్నిటినీ తెంపేస్తే ఏం లాభం? నేను చూసిన ఫైబర్ కట్లలో జేసీబీల వాటా సముద్రపు లంగర్లకన్నా చాలా ఎక్కువ.

రిపేరు గురించి చెప్పి ముగిస్తాను, తర్వాత ప్రశ్నలు. ప్రపంచంలో ఏటా 150 నుంచి 200 సార్లు కేబుళ్లు దెబ్బతింటాయి. అందులో నాలుగింట మూడు వంతులు చేపల వలలు, లంగర్ల వల్లే. ఒడ్డు నుంచి వెలుగు పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని బట్టి తెగిన చోటు కనిపెడతారు. ఓడ వెళ్లి కొక్కెం వేసి ఒక చివర పైకి లాగుతుంది, నీటి మీద తేలే బోయాకు కట్టి వదులుతుంది, రెండో చివర లాగుతుంది. ఇప్పుడు ఆ రెంటినీ నీటి పైన కలపాలంటే తీగ చాలదు కదా. లోతును బట్టి అదనపు ముక్క వేసి, గాజు పోగులు ఒక్కొక్కటిగా అతికి, మళ్లీ దించుతారు. అతుకుపడ్డ ప్రతి కేబుల్ ముందుకన్నా కొంచెం పొడుగు. మన దేశపు జెండాతో ఇలాంటి రిపేరు ఓడ ఒక్కటీ లేదని ట్రాయ్ 2023లో రాసింది. సింగపూర్ నుంచో గల్ఫ్ నుంచో రావాలి, వచ్చాక మన శాఖల అనుమతులన్నీ దాటాలి. వెయ్యి కిలోమీటర్ల తీరం, హిందుస్థాన్ షిప్‌యార్డు ఉన్న ఊరు ఇది. ఆ ఓడ ఇక్కడెందుకు ఉండకూడదో నాకు అర్థం కాదు. ఇక అడగండి.

ప్రశ్న: ఉపగ్రహాలతో ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ వచ్చాక ఈ కేబుళ్ల అవసరం ఉంటుందా సార్?

ఉంటుంది. ఒక్క ఉపగ్రహం మోసేది పదుల గిగాబిట్లు. ఒక్క ఫైబర్ జత మోసేది ఇరవై టెరాబిట్లు. ఖండాల మధ్య డేటాలో 95 శాతానికి పైగా ఇంకా నీళ్లలోనే. 2022 జనవరి 15న అగ్నిపర్వతం పేలి టోంగా దీవుల కేబుల్ తెగినప్పుడు, ఉపగ్రహాలతో ఫోన్లు, అత్యవసర పనులు నడిపారు. నెట్ సరిగా వచ్చింది ఫిబ్రవరి 22న, కేబుల్ అతికాకే. మారుమూల ఊళ్లకు, నడిసంద్రంలో పడవలకు ఉపగ్రహం మంచిదే.

ప్రశ్న: సొరచేపలు కేబుళ్లు కొరుకుతాయని చదివాను.

కొరికాయి, 1980ల్లో, బహుశా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని సార్లు. వాటి మీద వీడియోలు ఎక్కువ, వాటి వల్ల నష్టం తక్కువ. పాపం వాటిని వదిలెయ్యమ్మా.

ప్రశ్న: మాది జాలారిపేట సార్. మా నాన్న బోటు మీద వేటకు వెళ్తారు. వల కేబుల్‌కు తగులుకుంటే ఏం చెయ్యాలి?

ఈ రోజు అడిగినవాటిలో అసలు ప్రశ్న ఇదే బాబూ. ముందుగా, లాగొద్దని చెప్పు. బరువైన తీగ, ఒక పక్కకు లాగితే బోటు తిరగబడుతుంది. పైగా అందులో వేల వోల్టులు. వల కోసేసి వదిలెయ్యాలి. వల పోతే అప్పు మీద అప్పు, నాకు తెలుసు. దానికి చట్టం ఉంది. 1884 నాటి కేబుల్ ఒప్పందంలోనే రాశారు, ఇప్పుడు సముద్ర చట్టంపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం 115వ అధికరణలో కూడా ఉంది, మన దేశం అందులో సభ్యురాలు. ముందు జాగ్రత్తలన్నీ తీసుకున్నాక కూడా, కేబుల్‌ను కాపాడటానికి వలనో లంగరునో వదులుకుంటే, దాని ఖరీదు కేబుల్ యజమాని ఇవ్వాలి. ఆ చోటు జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోమను. బోటులో ఉన్న వాళ్లందరి మాటగా కాగితం మీద రాయించండి. పాత ఒప్పందం ఒడ్డుకు చేరాక 24 గంటల్లో అధికారులకు చెప్పమంది, ఆ లెక్కనే పాటించండి. ఇక్కడ కేబుళ్లు దిగకముందే మీ సంఘం వాళ్లు ఆ కంపెనీలను కూర్చోబెట్టి, తీగ పోయే దారి మ్యాపు, నష్టపరిహారం అడగాల్సిన ఫోన్ నంబరు, రెండూ తెలుగులో తీసుకోవాలి. నీ నంబరు ఇచ్చి వెళ్లు, మీ నాన్నగారితో నేను మాట్లాడతాను.